వంతెన దాటని మూడో పుట

గాజు పెట్టె మీద గీత పడలేదు. తాళాన్ని ఎవరూ కెలికిన గుర్తు లేదు. లోపల నాలుగు పుటలు ఉండాల్సిన చోట నాలుగూ ఉన్నాయి. మూడోది మాత్రం ఈ మధ్యే ఏదో రంగుల ప్రింటరులోంచి బయటికి వచ్చింది.

విజయరాణి నేల మీద మోకాళ్ళూని, టార్చిని కాగితానికి అడ్డంగా పట్టి చూసింది. మిగతా మూడు పుటల్లో సిరా కాగితంలోకి ఇంకి, అంచుల్లో గోధుమరంగు తిరిగింది. మూడో దాంట్లో సిరా పైపైనే మెరుస్తోంది. పురుగు తిన్న చిల్లులు సైతం అచ్చు వేసినవే. వాటిలోంచి వెలుతురు అవతలికి పోవడం లేదు.

"చూశారుగా! దొంగ ఎవడో కూడా చెప్పేశాను. ఇక మీరు సంతకం పెడితే రెండు గంటలకి కంప్లయింటు పోలీసుల చేతిలో పెడతాను," అన్నాడు వెనక నుంచి ఎడ్వర్డ్.

ముహరఖ్‌లోని ఈ చిన్న ప్రైవేటు మ్యూజియానికి ఎడ్వర్డ్ సెక్యూరిటీ మేనేజరు. కాకినాడ మనిషి. విజయరాణి ఇన్సూరెన్సు కంపెనీ తరఫున దర్యాప్తు చేస్తుంది. నిజామాబాదు పోలీసు వేలిముద్రల విభాగంలో తొమ్మిదేళ్ళు పనిచేసి, ఆ ఉద్యోగం వదులుకుని బహ్రెయిన్ వచ్చింది. ఏడాది కిందట ఒక గోదాము తగలబడిన కేసులో ఎడ్వర్డ్ ఇచ్చిన రిపోర్టు తప్పని ఆమె తేల్చింది. అప్పటినుంచి ఆయన ఆమెను 'గారూ' అనకుండా పిలిచింది లేదు, నవ్వుతూ పలకరించిందీ లేదు.

పోయిన పుట మామూలుది కాదు. ఉస్మానీ సుల్తాను, ఇరాన్ షా తరతరాలు కొట్టుకుని కొట్టుకుని అలసిపోయి, 1639లో జుహాబ్ అనే చోట సంధి చేసుకున్నారు. బాగ్దాదు సుల్తానుకు, ఎరవాను షాకు. నడుమ కొండల్లో ఏ ఊరు ఎవరిది, ఏ కోట కూలగొట్టాలి, ఏ తెగ ఎవరి ఏలుబడిలో బతకాలి అన్నీ అందులో రాసుకున్నారు. ఆ సంధికి కొన్నేళ్ళ తర్వాత బస్రాలో ఒక గుమస్తా ఎత్తిరాసిన నకలు ఇది. సౌదీ వైపు అల్ హసాలో ఉండే ఒక ధనికుడి సొంత గ్రంథాలయం నుంచి ప్రదర్శనకు అరువు వచ్చింది. రేపు సాయంత్రమే ప్రారంభం. ఆ సరిహద్దు గీతకు అటూ ఇటూ ఉన్న దేశాల నుంచి అతిథులు వస్తున్నారు. ఊళ్ళ పేర్లు, తెగల పేర్లు ఉన్నది సరిగ్గా మూడో పుటలోనే.

విజయరాణి జేబులో ఫోను అదిరింది. కిషన్ పంపిన మెసేజి. "ఇంట్ల దిగిన. జొన్నపిండి తెచ్చిన. జెల్ది రా. నీతోని ఒక ముచ్చట చెప్పేదుంది."

ఆమె గుండె ఒక్కసారి మహూజ్‌లోని తన ఫ్లాటుకు పోయి వచ్చింది. కిషన్ ఆమె భర్త. సౌదీలోని దమ్మాంలో సామాన్ల వ్యాను నడుపుతాడు. నిజామాబాదు ఉద్యోగం మానేసి, ఆమె తనకు వీసా దొరికే చోట్లలో అతనికి దగ్గరి చోటు వెతుక్కుంటే బహ్రెయిన్ తేలింది. మధ్యలో ఇరవై అయిదు కిలోమీటర్ల వంతెన. దాన్ని డ్యూటీ మీద ఎన్నిసార్లు దాటినా వెంటనే తిరిగి పోవాలి. పెళ్ళాన్ని చూడటానికి దాటాలంటే, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కాగితం ఇవ్వాలి. మూడు నెలలు అడగ్గా అడగ్గా ఈ శనివారానికి ఇచ్చాడు. సాయంత్రం ఆరు గంటలకల్లా కిషన్ మళ్ళీ వంతెన మీద ఉండాలి.

ఇప్పుడు తొమ్మిదీ నలభై.

"ఎవరు చూసిండ్రు మొదట?" అని అడిగింది ఫోను లోపల పెట్టుకుంటూ.

"షీరీన్ గారండి. పాత కాగితాలు బాగుచేసే ఆవిడ. పొద్దున ఎనిమిదీ ఇరవైకి చూసి కేక పెట్టారు. ఆరూ పదికి ఈ గదిలోకి వచ్చింది ఒక్కడే, లింబాద్రి అని, జిప్సం పనివాడు. పాత గోడల మీద లతలూ జాలీలూ చెక్కుతాడు. ఆరూ యాభైకి బయటికి పోయాడు. ఇదిగో, చంకలో ఏముందో చూడండి."

కెమెరా బొమ్మలో బక్కపలచటి మనిషి చంకలో పొడవాటి అట్టగొట్టం ఉంది.

"అప్పట్నుంచి ఫోన్ స్విచాఫ్. క్యాంపులో లేడు. ఇంకేం కావాలండీ మీకు?"

గాజు పెట్టె మూలన అగ్గిపెట్టెంత తెల్లటి పరికరం ఉంది. లోపలి చెమ్మను నిమిషం నిమిషం రాసుకునే లాగర్ అది. ఆమె చేతి తొడుగులు వేసుకుని దాన్ని తీసి, తన ల్యాప్‌టాపుకు తగిలించింది. పెట్టె మూసి ఉన్నంతసేపూ గీత తిన్నగా ఉంటుంది. తెరిస్తే సముద్రపు చెమ్మ చొరబడి గీత పైకి లేస్తుంది.

ఇవాళ పొద్దున ఎనిమిదీ ఇరవై అయిదుకు షీరీన్ తెరిచినప్పుడు లేచింది. అంతకుముందు ఇవాళ లేవలేదు. శుక్రవారం లేవలేదు. గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా ఎనిమిది నుంచి ఒంటిగంటా పదిహేడు దాకా లేచింది.

"ఎడ్వర్డ్ గారూ, ఇయ్యాల పొద్దుగాల ఆరింటికి ఈ పెట్టె ఎవ్వరు తెరవలె. గురువారం తొమ్మిది నిమిషాలు తెరిచిండ్రు."

ఎడ్వర్డ్ వంగి చూశాడు. ముఖంలో ఒక్క క్షణం తడబాటు, వెంటనే మళ్ళీ పట్టు.

"గురువారం కూడా వాడు ఈ గదిలోనే పనిచేశాడండి! గురువారం తీసి గోడ సందులో దాచాడు. ఇవాళ మోసుకుపోయాడు. సరిపోయిందిగా?"

"తాళంచెవులు?"

"రెండే. ఒకటి నా దగ్గర, ఒకటి షీరీన్ గారి సొరుగులో. గురువారం ఒంటిగంటకి నేను కింద గార్డులతో మీటింగులో ఉన్నాను, పన్నెండు మంది సాక్షులు. సొరుగు తీయడం వాడికి ఎంతసేపు?"

"గంత ఒడుపుగ తాళం తీసినోడు కెమెరా ముంగట గొట్టం ఎత్తుకోని పోతడా?"

"వాడిదీ మీ వైపే. మీవాళ్ళు కదా, మీకు జాలి ఉంటుందండి," అన్నాడు ఎడ్వర్డ్ చురుగ్గా.

"మీవాళ్ళు మావాళ్ళు అని గీత గీయకుండ్రి. ఆ పని చేసినోళ్ళ కాగితమే ఇప్పుడు మనం దేవులాడుతున్నం."

ఆమె మూడో పుటను ప్లాస్టిక్ తొడుగులోంచి బయటికి తీసింది. తొడుగు లోపలి వైపు పొడి చల్లింది. ఒక బొటనవేలి ముద్ర తేలింది. సుళ్ళు, గీతలు అద్దంలో ముఖంలా స్పష్టంగా ఉన్నాయి. దాన్ని ఫోటో తీసి లేచింది.

"రెండు గంటలదాక ఆగుండ్రి. అటెన్క మీ ఇష్టం."

"ఆగుతాను. రెండూ ఒకటికి మాత్రం ఆగను," అన్నాడు ఎడ్వర్డ్.

*

నువైద్రాత్ క్యాంపులో లింబాద్రి పక్క మంచం లచ్చన్నది. విజయరాణి ఫోను చేస్తే మొదట తెలియదన్నాడు, తర్వాత దగ్గాడు, చివరికి గొంతు తగ్గించాడు.

"అక్కా, గలాలీల ఒక కొత్త ఇంటికాడ ఉన్నడు. కఫీల్‌కు తెలువకుంట శనివారం బయట పని పట్టుకున్నడు. గందుకే ఫోన్ బంద్ వెట్టిండు. నేను చెప్పినట్టు ఎవరితోని అనకు."

పది నలభైకి ఆమె గలాలీలో కారు ఆపింది. సగం కట్టిన ఇంటి ముందు గదిలో లింబాద్రి నిచ్చెన మీద నిలబడి, తడి జిప్సంలో సన్నటి ఉలితో ఆకు చెక్కుతున్నాడు. ఆమె తన పేరు, పని చెప్పగానే ఉలి జారి కిందపడింది.

"ఫోర్‌మన్ పంపిండా మేడమ్?"

"లేదన్నా. నేను ఆర్మూరు దిక్కుదాన్ని. దిగు, భయపడకు. పొద్దుగాల చంకల పట్టుకోని వోయిన గొట్టం ఏడుంది?"

అతను మూలనున్న గొట్టం తెచ్చి, మూత తీసి, లోపలి కాగితాన్ని సిమెంటు బస్తాల మీద పరిచాడు. పల్చటి నూనె కాగితం. దాని మీద పెన్సిలుతో మ్యూజియం పైగది గోడ మీది జాలీ మొత్తం ఎత్తిగీసి ఉంది. పన్నెండు రేకుల పువ్వు, దాని చుట్టూ అల్లుకున్న తీగ, ఒక్క ఆకు తప్పకుండా.

"షీరీన్ అక్కను అడిగే గీసుకున్న. ఆమె సరే అన్నది. ఊర్ల మా ఇంటి దర్వాజ మీద ఇది పెట్టాల్నని... జమున, అంటే నా ఇంటామె, ఫోన్ల ఈ గోడ సూపిస్తే 'దేశంల అందరి ఇండ్లు మంచిగ జేస్తవు, మన దర్వాజ బోడిగనే ఉంది' అన్నది. ఆరేండ్లాయె అక్కా పోక. పోయిన ఏడు పోదామంటే పాస్‌పోర్ట్ ఇయ్యలె. ఈ ఏడు పోదామంటే మ్యూజియం పని ఒడిసినంక అన్నరు. ఆమె మొఖం ఫోన్లనే సూస్తున్న. ఎదురుంగ సూస్తే ఎట్లుంటదో యాదికొస్తలేదు."

విజయరాణి కాసేపు ఆ పువ్వునే చూసింది. ఫ్లాటులో రొట్టెల పీట ముందు కూర్చున్న కిషన్ మనసులో మెదిలాడు. చెయ్యి చాచి, "నీ బొటనవేలు చూపియ్యి," అంది.

వేలి కొన నున్నగా ఉంది. ఏళ్ళ తరబడి సున్నం, జిప్సం తినేసిన చర్మం మీద ఒక్క సుడి కూడా మిగల్లేదు.

"ఏర్‌పోర్టుల మిషిను గూడ పట్టది అక్కా నా ఏలు. ప్రతిసారి పక్కకు నిలవెడుతరు."

తొడుగు లోపల ఉన్న ముద్ర ఈ మనిషిది కానే కాదు.

"గురువారం బువ్వ యాళ్ళకు నువ్వు ఆ గదిల ఉన్నవా?"

లింబాద్రి తల వంచుకున్నాడు. కింద పడిన ఉలిని ఏరి తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

"నీ మీద దొంగతనం కేసు వెడుతున్నరన్నా. రెండు గంటలకు. ఎరుకైంది చెప్పు."

"బువ్వ డబ్బ మర్చిపోయి ఎనుకకు వచ్చిన. తలుపు కొద్దిగ తెరిసుండె. షీరీన్ అక్క కింద గూసోని ఏడుస్తుంది, ఆ కాగితం ఒళ్ళె వెట్టుకోని. సప్పుడు జెయ్యకుంట మల్లిపోయిన."

"పొద్దుటి సంది నిన్ను దొంగ అంటుంటే ఈ మాట ఎందుకు చెప్పలె? ఎవరికన్న ఫోన్ చేసి చెప్పొచ్చు గద?"

"దొంగన్న సంగతే ఇప్పుడు నువ్వు చెప్తే తెలిసె. తెలిసినా... ఏడ్సేటోళ్ళ మీద సాడీలు ఎట్ల జెప్తం అక్కా?"

విజయరాణి బయలుదేరబోతుంటే అతను వెనక నుంచి పిలిచాడు.

"అవసరం వడితే నేనొచ్చి చెప్త. ఈడ పని జేస్తున్నట్టు తెలిస్తే పంపిస్తరు, గంతే గద? పంపేది ఇంటికే గద అక్కా."

నవ్వుతూనే అన్నాడు. కళ్ళు మాత్రం నవ్వలేదు. అలా పంపితే మళ్ళీ రానివ్వరని, ఆరేళ్ళ కష్టం నడుమనే తెగిపోతుందని ఇద్దరికీ తెలుసు.

*

పన్నెండుంబావుకు విజయరాణి మ్యూజియంలో షీరీన్ గది తలుపు తట్టింది. షీరీన్ యాభై దాటిన సన్నటి మనిషి. కుర్దు స్త్రీ. ఇరాక్‌లోని ఖానఖీన్‌లో పుట్టింది. ఆమెతో మాటలన్నీ ఇంగ్లీషులోనే. విజయరాణి ఆమె ముందు టీ కప్పు జరిపి, ఆమె తాగి పెట్టాక కప్పు మీది ముద్రను, ఫోనులోని ముద్రను పక్కపక్కన పెట్టి చూపించింది.

"గురువారం ఒంటిగంటా ఎనిమిదికి మీరు పెట్టె తెరిచారు. ఎందుకు?"

షీరీన్ కాదనలేదు. కిటికీ వైపు తిరిగి మొదలుపెట్టింది.

"మా అక్క సర్పోలె జహాబ్‌లో ఉంటుంది. ఆ సంధి జరిగిన చోటే అది, ఇప్పుడు ఇరాన్. మా ఊరి నుంచి రోడ్డు తెరిచి ఉంటే గంటన్నర. పెళ్ళి చేసుకుని అటు పోయింది. యుద్ధాలు, కాగితాలు, మూసిన గేట్లు... ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను ఆమెను తాకలేదు. మూడో పుటలో మా తెగ పేరు ఉంది. ఒక్క తెగనే నాలుగు శాఖలు చేసి, కొన్ని సుల్తానుకు, కొన్ని షాకు రాసిచ్చారు. ఎవరో ఇద్దరు దొరలు గుడారంలో కూర్చుని కలం తిప్పారు. నాలుగొందల ఏళ్ళ తర్వాత నేను మా అక్క చెయ్యి పట్టుకోలేకపోతున్నాను. ఆ పేరు మీద వేలు పెట్టి, ఫోటో తీసి అక్కకు పంపాలనిపించింది. అంతే. సాక్షి లేకుండా పెట్టె తెరవకూడదు. తెలిసే తెరిచాను."

"తెరిచి?"

"తొడుగులోంచి తీసి వేలు పెట్టాను. అది కాగితం తాకినట్టు లేదు. నా పని కాగితాలు తాకడమే కదా. అప్పటికే అది ప్రింటు, విజయరాణీ. గురువారం నేను తాకేసరికే అసలు పుట లేదు."

విజయరాణి కప్పును పక్కకు జరిపింది.

"బుధవారం పుటలు అల్ హసా నుంచి వచ్చినప్పుడు సరిచూసింది మీరే కదా?"

"తొడుగులు విప్పకుండా ఫోటోలతో పోల్చి చూశాను. ప్రింటు కూడా ఆ ఫోటోదే. తప్పు నాదే. గురువారం తెలిసినా నోరు విప్పలేదు. విప్పితే నేను పెట్టె తెరిచానని తెలుస్తుంది, ఉద్యోగం పోతుంది, నా నివాసపత్రం పోతుంది. నాకు తిరిగి పోవడానికి ఊరు లేదు. నిన్నంతా ఆలోచించాను. ఇవాళ అప్పుడే చూసినట్టు కేక పెట్టాను. పాపం ఆ జిప్సం మనిషి మీదికి పోతుందని అనుకోలేదు."

"అది మీరు రాసి ఇవ్వాలి."

"ఇస్తాను," అంది షీరీన్. అప్పటికే కలం తీసింది.

*

"తెరవడానికి వీల్లేదండి!" ఎడ్వర్డ్ స్టోరు రూము తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "పుటలు వచ్చిన ఆ చెక్కపెట్టె వాటి యజమానిది. ఇందాక మీరు దాని కాగితాలు అడిగారని ఆయన ఏజెంటుకి ఫోన్ చేసి చెప్పాను కూడా. ఆయన ప్రారంభం కోసం ఇక్కడికే వచ్చి ఉన్నారు. తను వచ్చేదాకా ముట్టుకోవద్దన్నారు."

"ఏం చెప్పిండ్రు ఆయనకు?"

"పెట్టె మీద, తెచ్చిన డ్రైవరు మీద ఆరా తీస్తున్నారని."

"ఎడ్వర్డ్ గారూ, బుధవారం సీలు కోసింది మీరే గదా? కోసిన సీలు ఏది?"

"కవర్లో భద్రంగా ఉంది. నేను అలాంటివి పారేసే మనిషిని కాదు."

"తెండ్రి. దాని నంబరు, పెట్టె మూతలో ఉన్న కాగితం మీది నంబరు కలిస్తే మీ కంప్లయింటు మీద ఇప్పుడే సంతకం పెడుత."

ఆ మాటకు ఎడ్వర్డ్ పక్కకు తప్పుకున్నాడు. కవరు తెచ్చాడు. సీలు మీద నంబరు 7718తో ముగిసింది. మూత లోపలి కాగితం మీద, అల్ హసాలో పెట్టె మూసినప్పుడు రాసిన నంబరు 7702తో ముగిసింది.

ఆయన రెండుసార్లు చదివాడు.

"నేను సీలు తెగలేదనే చూశానండి. నంబరు కలపలేదు."

విజయరాణి ఆయన వైపు చూడకుండా పెట్టె అడుగున అతికించిన చిన్న పరికరాన్ని పీకింది. పెట్టెలోకి వెలుతురు చొరబడితే రాసుకునే లాగర్ అది. బుధవారం పొద్దున తొమ్మిదింబావుకు పెట్టె మూశారు. ఆపై చీకటి. మ్యూజియంలో మధ్యాహ్నం మూడున్నరకు తెరిచారు. నడుమ పదకొండూ యాభై రెండు నుంచి పన్నెండూ మూడు దాకా, పదకొండు నిమిషాలు వెలుగు.

"కస్టమ్స్ వాళ్ళేమో," అన్నాడు ఎడ్వర్డ్. ఈసారి గొంతులో పట్టు లేదు.

"బ్రిడ్జి మీద కస్టమ్స్ ముద్ర ఒంటిగంటా నలభైకి పడ్డది. గంటన్నర ముందే, అటు ఒడ్డున్నే పుట పోయింది. అసలు పుట ఈ దేశంల అడుగే వెట్టలె."

"అయితే డ్రైవర్‌కి తెలియాలండి! ఇదిగో, వాడి వాంగ్మూలం కూడా ఉంది." ఎడ్వర్డ్ కాగితాల అడుగు నుంచి ఒకటి లాగాడు. "దారిలో పెట్టె ఎక్కడా తెరవలేదు అని సంతకం పెట్టాడు. నాతో హిందీలోనే మాట్లాడాడు గానీ... ఆశ్చర్యం, సంతకం తెలుగులో ఉందండీ. మన తెలుగువాడే!"

విజయరాణి ఆ పేరు చదవలేదు. చదవాల్సిన అవసరం లేకపోయింది. 'కి' గుడిని అవసరం లేకుండా అంత పైకి సాగదీసి, 'న్' కింద చిన్న చుక్క పెట్టే మనిషి లోకంలో ఒక్కడే. పెళ్ళి రిజిస్టరులో ఆ చుక్క చూసి ఆమె నవ్వితే, అది పెట్టకపోతే సంతకం ఆకలితో ఉన్నట్టుంటుంది అన్నాడు.

బుధవారం. బుధవారం కిషన్ ఇక్కడికి వచ్చాడు. ఆ రాత్రి ఫోనులో రియాద్ ట్రిప్పు పోయొచ్చానన్నాడు. ముహరఖ్ నుంచి మహూజ్ ఎంత దూరమని? పదిహేను నిమిషాలు.

"పట్టుకోవాలండీ ఈ కిషన్‌ని," అంటున్నాడు ఎడ్వర్డ్. "మీరు తేల్చింది నిజమే. వాడెవడో తెలిస్తే చాలు."

కాగితం మడిచి పెట్టుకోవచ్చు. డ్రైవర్ ఆచూకీ తెలియదని రాయవచ్చు. ఆరు గంటలకు అతను వంతెన ఎక్కేస్తాడు. మళ్ళీ మూడు నెలలకో ఆరు నెలలకో కాగితం దొరికితే వస్తాడు. ఆమె ఎదురుగా బల్ల మీద ఎడ్వర్డ్ రాసి ఉంచిన కంప్లయింటు ఉంది. అందులో లింబాద్రి పేరు ఉంది.

"నాకు తెలుసు," అంది ఆమె. "నా భర్త."

ఎడ్వర్డ్ చేతిలోని వాంగ్మూలాన్ని బల్ల మీద పెట్టాడు.

ఆమె ఫోను తీసి స్పీకరులో పెట్టింది. ఒక్క రింగుకే ఎత్తాడు.

"రాణీ, బయలెల్లినవా? రొట్టెలు జేసిన. సల్లారుతున్నయి."

"బుధవారం ఏడున్నవ్?"

అవతల గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు.

"ఈ ముచ్చట చెప్దామనే ఒచ్చిన," అన్నాడు. "అల్ ఖోబర్ దాటకముందు యజమాని ఏజెంటు కార్ అడ్డం వెట్టి గోదాముల ఆపిపిచ్చిండు. ఇంకోసారి సూసుకుంటమన్నడు. పెట్టె తెరిసి ఒకటి తీసిండ్రు, ఇంకోటి వెట్టిండ్రు. కొత్త సీలేసిండ్రు. కాగితం బహ్రెయిన్ల పోయినట్టయితే ఇన్సూరెన్స్ పైసలు ఒస్తయని ఆళ్ళల్ల ఆళ్ళు అనుకున్నరు. ఏం జూడలేదని సంతకం వెట్టుమన్నరు. పెట్టకపోతే నా పేరు బ్రిడ్జి మీద ఆపిపిస్తమన్నరు. జన్మల దాటవన్నరు. ఏం జెయ్యాలె రాణీ? నన్ను కొడుతమన్నా పెట్టకపోతుంటి."

ఆమె వాంగ్మూలాన్ని తన వైపు లాక్కుంది.

"సామాను దించినంక మహూజ్ వచ్చిన. నీ బాల్కనీల పచ్చ చీర ఆరేసుంది. కింద బండిలనే ఇరవై నిమిషాలు గూసున్న. పైకొస్తే నా మొఖం జూసి నువ్వు పట్టేస్తవని మల్లి పోయిన."

"ఆ ఏజెంటు ఇక్కడే ఉన్నాడండి," అన్నాడు ఎడ్వర్డ్ నెమ్మదిగా. "డ్రైవరు మీద ఆరా తీస్తున్నారని నేనే ఫోన్ చేశాను. ఒంటిగంటకి."

"కిషన్, మన ఫ్లాట్ సంగతి వాళ్ళకు తెలుసా?"

"కఫీల్ ఇచ్చిన కాగితంల ఉండేకాడ అడ్రస్ రాయాలె గద. నీ ఫ్లాట్ నంబరే రాసిన. కఫీల్, ఆ ఏజెంటు ఒక్కకాడనే..."

ఫోనులో కాలింగ్ బెల్ మోగింది.

కిషన్ గొంతు తేలికపడింది. "నువ్వేనా? కిందున్నవా?"

"నేను కాదు. తియ్యకు! నేనింక ముహరఖ్‌లనే ఉన్న. తలుపు తియ్యకు."

ఎడ్వర్డ్ అప్పటికే బల్ల మీది కారు తాళాలు అందుకుని, ఇంకో చేత్తో తన ఫోనులో పోలీసుల నంబరు నొక్కుతున్నాడు. రెండోసారి బెల్. ఆపైన తలుపు మీద గుద్దులు.

"వంటింటెనుక సామాన్ల మెట్లున్నయి. దిగి ఠాణా దిక్కు నడువు. బ్రిడ్జి దిక్కు పోకు, నీకోసం అక్కడ గూడ ఉంటరు. పోయి జరిగింది జరిగినట్టు చెప్పు." ఆమె మెట్లు దిగుతూనే మాట్లాడుతోంది.

"చెప్తే నా మీద కేసైతదా?"

"అయితది."

"నువ్వే రాస్తవా?"

ఆమె ఎండలోకి వచ్చి ఒక్క అడుగు ఆగింది. "నేనే రాస్త."

అవతల గొళ్ళెం తీసిన చప్పుడు. అది ముందు తలుపుదో, వంటింటిదో తెలియలేదు.

"మంచిగ రాయి రాణీ," అన్నాడు కిషన్. "ఇరవై నిమిషాలు కింద గూసున్నది గూడ రాయి."

చెక్క పగిలిన శబ్దం వచ్చింది. లైను తెగిపోయింది.